మా అత్త బుచ్చమ్మ షుగర్ లెక్క

మా అత్త బుచ్చమ్మ నోటి నుంచి ఉన్న నంబరు ఉన్నట్టుగా బయటికి రావడం శామీర్‌పేటలో ఎవరూ వినలేదు. అంతమాత్రాన ఆమెను అబద్ధాలకోరు అన్నారంటే మీకూ నాకూ పడదు. ఆమె అబద్ధం ఆడదు. నంబరును మాత్రం కొంచెం అటో ఇటో జరిపి చెబుతుంది.

పాలు పోసే ఆయనను రెండు లీటర్లు కావాలంటే మూడు అడుగుతుంది. ఎట్లాగూ ఆయన ‘ఇయ్యాల తక్కువ ఇచ్చింది బర్రె’ అని ఒకటి తగ్గిస్తాడని ఆమెకు తెలుసు. ఆదివారం ఫంక్షన్ ఉంటే టైలర్‌కు గురువారమే అని చెబుతుంది. విందుకు మూడు వందల మంది వస్తారనుకుంటే వంటాయనకు రెండు వందల యాభై అంటుంది, ఎందుకంటే వంటాయన ఎవరి మాటా నమ్మక యాభై మందికి ఎక్కువే వండుతాడు. చిత్రమేమిటంటే ఆఖరికి ఇంటికి పాలు రెండు లీటర్లే వస్తాయి, జాకెట్లు ఆదివారానికి అందుతాయి, విందులో అన్నం సరిగ్గా సరిపోతుంది.

ఆమెకు ఇది భూముల దగ్గర అబ్బిన విద్య. మా మామ కుర్మయ్య పొలం మనిషి, నలుగురిలో నోరు విప్పడు. చుట్టాల్లో ఎవరు భూమి అమ్మినా కొన్నా మాటలకు అత్తనే పిలుచుకుపోతారు. చుట్టూ వెంచర్లు లేచిన ఇన్నేళ్ళలో ఆమె కూర్చోని పంచాయితీ లేదు. ‘చెప్పేటోడు కలుపుతడు, వినేటోడు కోస్తడు. ఆఖరికి చేతికొచ్చేది నిజమే’ అని ఆమె సిద్ధాంతం.

నేనేమో గాజులరామారం పిల్లను. కొంపల్లిలో ఒక స్కూల్లో లెక్కల టీచర్‌ను. అర మార్కు తేడా వస్తే పేపరంతా మళ్ళీ దిద్దే రకం. మా ఇద్దరికీ పొత్తు ఎట్లా కుదిరిందని మా ఆయన అన్వేష్ ఇప్పటికీ ఆశ్చర్యపోతాడు. ‘నీ లెక్కలు బడిల నడుస్తయ్ గని బజార్ల నడువయ్’ అని ఆమె నన్ను ఎత్తిపొడుస్తుంది. నేనూ ఊరుకోను. ఎవరైనా పిల్లలెంతమంది అని అడిగితే ఆమె ‘ఇద్దరు’ అంటుంది, మా బావ దేవేందర్, మా ఆయన. ‘మా అత్తమ్మ కలపకుండా, కోయకుండా చెప్పే లెక్క అదొక్కటే’ అని నేను నలుగురిలో ఏడిపించేదాన్ని. అన్ని వేళాకోళాలకూ నవ్వే మనిషి ఆ ఒక్కదానికి మాత్రం నవ్వేది కాదు.

ఆరో నెలలో నాకు షుగర్ బయటపడింది.

మేడ్చల్‌లో మాధవీలత గారని ఒక డాక్టర్. సొంత క్లినిక్. మాట కరుకు, చెయ్యి మంచిది. కడుపుతో ఉన్నప్పుడు కొందరికి ఇట్లా షుగర్ వస్తుందని, కాన్పయ్యాక చాలామందికి పోతుందని, అందాకా మాత్రం వదిలేయకూడదని చెప్పింది. పరగడుపున తొంభై ఐదు దాటొద్దు, తిన్న రెండు గంటలకు నూట ఇరవై దాటొద్దు. దాటితే లోపల బిడ్డ ఉండాల్సిన దానికంటే పెద్దగా పెరుగుతుంది, కాన్పు కష్టమవుతుంది, పుట్టిన బిడ్డకూ ఇబ్బంది.

అప్పటిదాకా గోడకున్న బొమ్మలు చూస్తూ కూర్చున్న అత్త ముందుకు జరిగింది. బిడ్డ పెద్దగైతే ఏమవుతుందో ఇంకోసారి చెప్పమంది. డాక్టర్ చెప్పింది. మూడోసారి కూడా అడిగింది. ఈమెకు చెవుడేమో అన్నట్టు డాక్టర్ నా వైపు చూసింది.

వేలికి సూది గుచ్చి రక్తం చుక్క మీద షుగర్ చూసే చిన్న మిషన్ ఇచ్చారు. రోజుకు నాలుగుసార్లు చూసుకోవాలి. ఆ నంబర్లు క్లినిక్‌లో రక్షిత అనే నర్సు మధ్యాహ్నం ఫోన్ చేసి కనుక్కుంటుంది. వాటిని బట్టి డాక్టర్ మందు మారుస్తుంది. మా స్కూల్లో పొద్దున లోపలికి పోగానే టీచర్ల ఫోన్లు కూడా బీరువాలో పెట్టి తాళం వేస్తారు. అందుకని అత్త నంబరే ఇచ్చాం.

లేచి వచ్చేటప్పుడు డాక్టర్ ఒక మాట అంది. “ఇంట్లో చూసుకున్న నంబర్ ఎవరూ ఉన్నది ఉన్నట్టు చెప్పరమ్మా. ఏళ్ళ నుంచి చూస్తున్నా. దాని సంగతి నేను చూసుకుంటా, మీరు వేళకు టెస్ట్ చేసుకోండి చాలు.”

మా అత్త ముఖం వెలిగిపోయింది. పరాయి ఊళ్ళో సొంత చుట్టం కనబడినట్టు తలూపింది. దారి పొడవునా డాక్టరమ్మ తెలివైనది, లోకం తెలిసిన మనిషి అని మెచ్చుకుంటూనే ఉంది.

ఇక ఇల్లు మొత్తం ఆమె చేతికి పోయింది. అన్నం పక్కన పెట్టించి జొన్నరొట్టె మొదలుపెట్టింది. తీపి అన్నది మా ఇంటి గడప తొక్కలేదు. పాపం, ఏ షుగరూ లేని మామకు కూడా చప్పటి చాయే. ఒకరోజు ఆయన హోటల్‌కు పోయి తాగొస్తే, వాసన పట్టి మరీ తిట్టింది. నేను స్కూలుకు పోయేముందు పరగడుపు నంబరూ, నిన్నటి మిగతా మూడూ ఆమెకు అప్పజెప్పేదాన్ని. రాసుకొమ్మంటే వద్దనేది. ఊళ్ళో ఎవరి గట్టు ఎక్కడిదాకా ఉందో నోటితో చెప్పే మనిషికి నాలుగు నంబర్లు ఒక లెక్కా?

తిండి మార్చినా నంబర్లు గీతకు పైనే ఉన్నాయి. తొంభై తొమ్మిది, నూట ఒకటి, అట్లా. డాక్టర్ ఇన్సులిన్ మొదలుపెట్టింది. నంబర్లు దిగాయి. తొంభై లోపలికి వచ్చినందుకు నేను సంబరపడుతుంటే, ఇన్సులిన్ పెంచమని క్లినిక్ నుంచి మెసేజ్ వచ్చింది. వారం తిరక్కుండా మళ్ళీ పెంచమన్నారు. ఎందుకు పెంచుతున్నారని అత్తను అడిగాను. డాక్టరమ్మకు తెల్వదా అంది. నిజమే కదా, నాకు లెక్కలొచ్చు గానీ వైద్యం రాదు. పెంచాను.

శ్రావణమాసంలో ఒకరోజు, ఎనిమిదో తరగతిలో భిన్నాలు చెబుతున్నాను. మధ్యాహ్నం బెల్లుకు ఇంకొంచెం టైముంది. బోర్డు మీద గీసిన గీత వంకర పోయింది. చెయ్యి వణుకుతోందని అప్పుడు చూసుకున్నాను. ఒళ్ళంతా చెమట. పిల్లల మాటలు ఎక్కడో దూరంగా వినబడుతున్నాయి. కుర్చీ అందుకుని కూలబడ్డాను. పక్క క్లాసులో ఉన్న శ్రీదివ్య టీచర్‌ను పిల్లలే పిలుచుకొచ్చారు. ఆమె నా బ్యాగులోంచి మిషన్ తీసి వేలికి గుచ్చింది. యాభై రెండు.

యాభై రెండు అంటే ఏమిటో డాక్టర్ ముందే చెప్పి ఉంది. షుగర్ ఎక్కువైతే మెల్లగా చెరుపు చేస్తుంది, మరీ పడిపోతే మనిషి అక్కడికక్కడే స్పృహ తప్పుతుంది. శ్రీదివ్య గ్లూకోజ్ నీళ్ళు కలిపి గ్లాసు నా నోటికి పెట్టింది. నాకు భయమేసింది. నా గురించి కాదు. కడుపులో కదలిక తెలిసేదాకా పొట్ట మీద నుంచి చెయ్యి తియ్యలేదు.

అన్వేష్ వచ్చి కారులో మేడ్చల్ తీసుకుపోయాడు. మేం పోయేసరికే అత్త క్లినిక్ మెట్ల మీద నిలబడి ఉంది. శామీర్‌పేట నుంచి ఆటో మాట్లాడుకుని మాకంటే ముందే వచ్చేసింది. చెప్పులు ఒకటి తనది, ఒకటి మామది. డాక్టర్ నన్ను పడుకోబెట్టి ముందుగా బిడ్డ గుండె చప్పుడు వినిపించింది. టకటకమని గుర్రం పరుగులాగా వినబడింది. అది విన్నాక నాకు ఏడుపొచ్చింది.

బిడ్డ బాగుందని తేల్చుకున్నాక డాక్టర్ నా మిషన్ అడిగి తీసుకుంది. అందులో పాత నంబర్లు కూడా నిలిచి ఉంటాయి. ఒక్కొక్కటే వెనక్కి పోతూ, రక్షిత రాసుకున్న వాటితో పోల్చుకుంటూ పోయింది. నిన్న పరగడుపున మిషన్‌లో ఎనభై ఆరు, వాళ్ళకు చేరింది తొంభై ఆరు. మొన్న ఎనభై ఎనిమిది, చేరింది తొంభై ఎనిమిది. ఏ రోజు చూసినా, ఏ పూట చూసినా సరిగ్గా పది తేడా. డాక్టర్ తలెత్తి, ఈ నంబర్లు చెప్పింది ఎవరని అడిగింది.

అత్త ఏమాత్రం తడబడలేదు. “నేనే చెప్పిన. నువ్వెట్లాగూ పది కోస్తవు గదా అని పది కలిపిన.”

“నేను కోస్తానని ఎవరు చెప్పారు?”

“నువ్వే గదనే, ఎవ్వరు ఉన్నది చెప్పరు, దాని సంగతి నేను చూసుకుంట అన్నవు. చూసుకునుడంటే కోసుడే గదా. లోకంల వినేటోడు ఎవడన్న కోయకుంట వింటడా?”

డాక్టర్ కుర్చీలో వెనక్కి వాలింది. తర్వాత మెల్లగా చెప్పింది. పథ్యం తప్పినవాళ్ళు తిట్లకు భయపడి నంబర్ తగ్గించి చెబుతారట. ఏళ్ళ తరబడి అదే చూసి చూసి, ఎవరు చెప్పిన దానికైనా మనసులో పది కలుపుకోవడం ఆమెకు అలవాటైపోయిందట. అంటే నా ఎనభై ఆరు మా అత్త నోట్లో తొంభై ఆరై, డాక్టర్ చెవిలో నూట ఆరైంది. ఆ నూట ఆరుకు తగిన ఇన్సులిన్ నా ఒంట్లోకి పోయింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఒకరు అత్త, ఒకరు డాక్టర్. ఇద్దరూ నా మంచి కోరినవాళ్ళే. ఆ ఇద్దరి మంచితనం కలిసి నన్ను క్లాసులో కింద పడేయబోయింది. “నా నెత్తురు నంబర్‌ను ప్లాటు రేటు చేసిన్రు గదా ఇద్దరు. మధ్యల నేనేమైపోవాలె, బిడ్డేమైపోవాలె?” అని అడిగాను. పెద్దవాళ్ళని కూడా చూడలేదు. అన్వేష్ ఊరుకోమని సైగ చేస్తే, నువ్వు ఊరుకో అన్నాను.

డాక్టర్ దాచుకోలేదు. “మిషన్ నేనే తీసి చూడాల్సింది. చూడకుండా మందు పెంచడం నా తప్పు” అంది. అది ఒప్పుకుంది కాబట్టే ఆమె మీద నా గౌరవం నిలిచింది. కానీ అత్త మీద కోపం మాత్రం దిగలేదు. కలపడం అంత ఇష్టమైతే పాలలో కలుపుకో, బియ్యంలో కలుపుకో, నా కడుపుతో ఆటలేమిటి అనుకున్నాను.

అత్త వచ్చి నా మంచం అంచున కూర్చుంది. ఎప్పుడూ మనిషి ముఖంలోకి సూటిగా చూసి మాట్లాడే ఆమె, ఆ పూట నా కాళ్ళ మీది దుప్పటిని చూస్తూ మాట్లాడింది.

“తక్కువ చెప్తె ఏమైతదో నాకు ఎరుకనే బిడ్డా. మా దేవేందర్ కంటె ముందు నాకొక ఆడిపిల్ల. నెలలు నిండినయ్. ఊర్లెకు వచ్చిన నర్సమ్మ ఎన్నో నెల అని అడిగింది. నిండు నెలలని చెప్తె దిష్టి తాకుతదని మా అత్త ఎనిమిదే అని చెప్పింది. నేను పక్కకే కూసున్న. తొమ్మిది నిండినయని నాకు ఎరుకనే. నోరు తెర్వలే. ఇంక టైమున్నదని నర్సమ్మ ఎల్లిపోయింది. పిల్ల లోపల్నే పెద్దగైంది. నొప్పులొచ్చినంక రెండు దినాలు బైటికి రాలే. తీసేవరకు పానం లేదు. ఎంత బరువున్నదో, ఎంత బొద్దుగున్నదో అని అందరు చూసి పోయిన్రు. నాకు గప్పుడు కూడా షుగరే ఉండెనో ఏమో, ఎవలు చూసిన్రు? గందుకే నీ లెక్క తక్కువ చేరొద్దు అనుకున్న. డాక్టరమ్మ ఎంత కోసినా నిజం మిగలాలె అని పది కలిపిన.”

అన్వేష్ తలుపు దగ్గర నిలబడిపోయాడు. తనకంటే ముందు ఒక అక్క పుట్టిందని అతనికీ తెలియదు. ఇన్నేళ్ళూ ‘ఇద్దరు’ అన్న మాట దగ్గర నేను చేసిన వేళాకోళమంతా నాకు గుర్తొచ్చి సిగ్గుపడ్డాను. నా కోపం ఎటు పోయిందో తెలియదు. ఆమె చెయ్యి తీసుకుని నా పొట్ట మీద పెట్టాను. లోపలిది సమయం చూసి ఒక తాపు తన్నింది.

“ఇది ఆడపిల్లనే” అంది అత్త, కళ్ళు తుడుచుకుంటూ. అది కూడా ఊహించి కలిపిన లెక్కేనని నవ్వాను.

తర్వాత బేరం ఆమే కుదిర్చింది. నేను కలుపను, నువ్వు కూడా కలుపొద్దు, ఉన్నది ఉన్నట్టు చెప్తా, ఉన్నది ఉన్నట్టు వినాలె అని డాక్టర్ ముందు చెయ్యి చాచింది. భూమి మాటలు ఒప్పందానికి వచ్చినప్పుడు అట్లానే చాస్తుంది. డాక్టర్ ఆ చేతిలో చెయ్యి వేసి, ఇక నుంచి ప్రతిసారీ మిషన్ కూడా తెచ్చి చూపించాలని తన షరతు పెట్టింది. అత్తకు ఆ షరతు బాగా నచ్చింది. కాగితాలు చూడకుండా భూమి కొనేవాడిని ఆమె ఎప్పుడూ మెచ్చుకోలేదు. ఇన్సులిన్ సగానికి తగ్గించారు.

అలవాటు అంత తొందరగా పోతుందా? మొదట్లో రక్షిత ఫోన్ చేస్తే అత్తకు చెమటలు పట్టేవని మామ చెప్పి నవ్వేవాడు. ‘ఎనభై తొమ్మిది’ అని చెప్పి ఒక్క క్షణం ఆగి, ‘ఎనభై తొమ్మిదే, అటూ లేదు, ఇటూ లేదు’ అనేదట. ఫోన్ పెట్టేశాక ఏదో పోగొట్టుకున్నట్టు ఇల్లంతా తిరిగేదట. నంబర్లు మాత్రం కుదురుకున్నాయి. నాకు మళ్ళీ వణుకు రాలేదు.

ఇక సద్దుల బతుకమ్మ నాడు నా సంగతి చూడాలి. రొట్టె, బెల్లం కలిపి ముద్ద చేసిన మలీద వాసన వస్తుంటే ఎవరికైనా చెయ్యి ఆగుతుందా? ఒకటి తిన్నాను. ఒకటి అన్నానా? మా అత్తలాగే నేనూ కోసి చెబుతున్నాను. రెండు తిన్నాను. తర్వాత వేలికి గుచ్చుకుంటే నూట నలభై ఆరు. పండుగ పూట ఒక్కసారికి ఎందుకులే, నూట పద్దెనిమిది అని చెప్పు అత్తమ్మా అని బతిమాలాను. లెక్కల టీచర్‌ను, అర మార్కు వదలని దాన్ని. అత్త నన్ను పైకీ కిందికీ చూసి, నా ముందే రక్షితకు ఫోన్ చేసింది.

“నూట నలభై ఆరు. మలీద తిన్నది. డాక్టరమ్మను గట్టిగ తిట్టుమని చెప్పు.”

డాక్టర్ గట్టిగానే తిట్టింది. నా తప్పుకు నేనే తిట్లు తిన్నాను, ఎవరి లెక్కకో ఎవరూ సూది పొడిపించుకోలేదు. అంతకంటే ఏం కావాలి?

కార్తీకంలో నొప్పులు మొదలయ్యాయి. ఎక్కువ సతాయించకుండానే పాప పుట్టింది. మూడు కిలోల నూరు గ్రాములు. పుట్టగానే పాపకూ షుగర్ చూశారు, బాగానే ఉంది. తూకం దగ్గర అత్త నిలబడి, ఆ ముల్లు ఆగేదాకా ఊపిరి పీల్చలేదని రక్షిత చెప్పింది. తర్వాత పాపను చేతుల్లోకి తీసుకుని మూలనున్న కిటికీ దగ్గరికి పోయి నిలబడిందట.

ఇంటికి వచ్చాక చూడటానికి మొదట వచ్చింది పక్కింటి సాలమ్మ. అత్త కంటే పెద్దది, మా బావ పుట్టాకే పక్కింటికి వచ్చినా అత్త నంబర్ల సంగతి బాగా తెలిసిన మనిషి. బరువెంత అని అడిగింది. మూడు కిలోల నూరు గ్రాములని అత్త చెప్పింది.

“అంటె రెండున్నర అన్నట్టు” అంది సాలమ్మ నావైపు చూసి కన్ను గీటుతూ.

అత్తకు కోపమొచ్చింది. ఉన్నదే చెప్పిన సాలవ్వా అంది. సాలమ్మ వింటేనా, సరే రెండు ముప్పావు వేసుకుందాం అని బేరానికి దిగింది. ఊళ్ళో మొదటిసారి ఉన్నది ఉన్నట్టు చెబితే నమ్మే దిక్కు లేకుండా పోయిందని మా అత్త ముఖం చూడాలి. నేను కుట్లు నొప్పి పెడుతున్నా ఆపుకోలేక నవ్వాను.

సాలమ్మ పాపను ఒళ్ళోకి తీసుకుంది. బుగ్గ మీద వేలు పెట్టి, దిష్టి తీసి, నింపాదిగా ముద్దు చేసింది. “నీకు ఇద్దరూ కొడుకులేనాయె బుచ్చమ్మా. మీ ఇంట్ల ఇదే మొదటి ఆడిపిల్ల” అంది.

అత్త నా పక్కన కూర్చుని పాత చీర గుడ్డలు మడత పెడుతోంది. చేతులు ఆగాయి. ఆమె నా వైపు చూసింది, నేను ఆమె వైపు చూశాను.

“మొదటిది కాదు సాలవ్వా. ఇది రెండోది. నాకు పిల్లలు ముగ్గురు.”

సాలమ్మ చాలాసేపు ఆమె ముఖంలోకి చూసింది. ఆ లెక్కలో మాత్రం కోత పెట్టలేదు.